టైంపాస్ అనకండి

మొన్నామధ్య ఒక కథల సంపుటి ఆవిష్కరణ సభ అయిపోయాక, హాలు బయట టీ తాగుతూ నిలబడి ఉన్నాం. నాకెంతో ఇష్టమైన రచయిత్రి, నేను అక్కా అని పిలుచుకునే మనిషి, పదిమందిలో అడిగింది. "ఏమ్మా, ఇంకా ఆ స్పైడర్‌మ్యాన్ బొమ్మలకి రంగులేసుకుంటూ కూర్చున్నావా? ఆ టైములో రెండు వ్యాసాలు రాయొచ్చు కదా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఎంతకీ నిద్ర పట్టలేదు. అక్క అన్నందుకు కాదు, నేను కూడా నవ్వినందుకు.

ఇదే అక్క భర్తగారు నలభై ఏళ్ళుగా పాత నాణేలు పోగుచేస్తారు. వాళ్ళింటికి వెళ్ళిన ప్రతివాళ్ళకీ టీతో పాటు ఆ ఆల్బమ్ కూడా చేతికొస్తుంది. ఆయన్ని ఎవరూ "ఆ టైములో" అని అడగ్గా నేను వినలేదు. మగవాడి సరదాకి 'అభిరుచి' అని పేరు. ఆడదాని సరదా ఇంటికో దేవుడికో పిల్లలకో పనికొచ్చేదైతే 'పనిమంతురాలు' అంటారు. ఎవరికీ పనికిరాకపోతే, వయసు మళ్ళిన ఆడది రాత్రి పదకొండింటికి దీపం పెట్టుకుని ఒకటిన్నర అంగుళం మనిషికి కళ్ళు దిద్దుతుంటే, దానికి టైంపాస్ అని పేరు. బయటివాళ్ళు అంటే సర్దుకుపోవచ్చు. స్త్రీల శ్రమ గురించి, స్త్రీల సమయం గురించి పాతికేళ్ళుగా రాస్తున్న మనమే అంటుంటే ఏం చెయ్యాలి?

అసలు నేనేం చేస్తానో చెప్పాలి. చాలామందికి అది మేనల్లుడి బొమ్మలు లాక్కుని ఆడుకోవడమనే ఉంది. హీరోక్లిక్స్ అని ఒక ఆట ఉంది. 2002లో విజ్‌కిడ్స్ అనే అమెరికన్ కంపెనీ తెచ్చింది. బల్లమీద ఆడే యుద్ధం. బ్యాట్‌మ్యాన్, స్టార్మ్, హల్క్, ఎవరైనా సరే వేలెడు కూడా ఉండరు. ఒక్కొక్కరూ ఒక గుండ్రటి పీటమీద నిలబడి ఉంటారు. దెబ్బ తగిలినప్పుడల్లా ఆ పీటలోని చక్రాన్ని 'క్లిక్' మని తిప్పుతారు, బలం తగ్గుతుంది. మూసిన డబ్బాల్లో అమ్ముతారు కాబట్టి ఎవరొస్తారో తెలీదు. వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు. అలా మిగిలిపోయిన వాళ్ళని కామిక్స్ దుకాణాల్లో బుట్టలో పోసి చవగ్గా అమ్మేవారు. నేను కొన్నవన్నీ ఆ బుట్టలోవే. ఆట నాకిప్పటికీ రాదు. చక్రం ఉన్న పీటని కోసేసి, మనిషిని తీసుకుంటాను.

ముందు గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కడగాలి. అచ్చులోంచి ఊడిరావడానికి రాసిన జిడ్డు పోకపోతే రంగు నిలవదు. వంకరపోయిన కాళ్ళనీ కత్తుల్నీ మరిగిన నీళ్ళలో కాసేపు ముంచి, వేలితో సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెడితే అలాగే బిగుసుకుంటాయి. అచ్చు అతుకుల గీతల్ని సన్న బ్లేడుతో గీకాలి. తర్వాత ప్రైమరు. స్ప్రే కొడితే ఈ మెత్తటి ప్లాస్టిక్ మీద కొన్ని రకాలు ఏళ్ళ తరబడి ఆరవు, జిగటగా ఉండిపోతాయి. ఆరు బొమ్మలు పాడుచేసుకున్నాక నేర్చుకున్నాను, అందుకని కుంచెతోనే. ఆక్రిలిక్ రంగుని పాలంత పలచన చేసి, ఒక పొర ఆరాక ఇంకో పొర వేయాలి. ముడతల్లోకి నీళ్ళలాంటి ముదురు రంగు దించాలి, దాదాపు ఆరిపోయిన కుంచెతో అంచులు తేల్చాలి. కళ్ళు చివర్లో వేస్తారనుకుంటారు అందరూ. నేను ముందే వేస్తాను. గీత పక్కకి పోతే చుట్టూ ఒంటి రంగుతో దిద్దుకోవచ్చు. ఊపిరి బిగబట్టి, రెండు మోచేతులూ బల్లకి ఆనించి, ఒక్క చుక్క.

నీలం ముద్ద, పసుపు ముద్ద కలిపి పిసికితే ఆకుపచ్చగా అయ్యే ఎపాక్సీ పుట్టీ ఉంది. గంట, గంటన్నరలోపు దాన్ని సూదితో మలచుకోవాలి. నేనీ పనిలోకి పూర్తిగా దిగింది ఆ ముద్ద వల్లే. మంచు కొండల్లో యుద్ధానికి వెళ్ళే ఆడమనిషికి ఈతబట్టలు వేసి, మడమకింద మూడంగుళాల మేకు లాంటి చెప్పు తొడిగి పంపిస్తారు కదా, ఆవిడకి నేను ప్యాంటు వేస్తాను. బూటు మడమ కోసేసి చదును చేస్తాను. జేబులు పెడతాను. నా పెట్టెలోని ఆడవాళ్ళందరికీ జేబులుంటాయి!

ఒంటి రంగు దగ్గర చాలాకాలం ఆగిపోయాను. నేను మొదలుపెట్టిన రోజుల్లో దొరికే సీసాల మీద 'ఎల్ఫ్ ఫ్లెష్', 'డ్వార్ఫ్ ఫ్లెష్' అని ఉండేది. 'డార్క్ ఫ్లెష్' అని కూడా ఒకటి ఉండేది, చూస్తే ఎర్రమట్టి. క్రేయోలా వాళ్ళు 'ఫ్లెష్' అనే రంగు పేరుని 1962లోనే 'పీచ్' అని మార్చుకున్నారు. బొమ్మల లోకానికి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. స్టార్మ్‌కి రంగు వేయాలి. ఆఫ్రికన్ తల్లికి పుట్టిన స్త్రీ, 1975లో ఎక్స్‌మెన్‌లోకి వచ్చింది. గోధుమరంగులో నలుపు కలిపితే చర్మం బూడిద పూసినట్టు చచ్చిపోయింది. నలుపు ముట్టకుండా కాల్చిన అంబరు, పసుపు ఓకరు, కాస్త ఎరుపు, నీడకి చిటికెడు నీలం కలిపితే అప్పుడు బతికింది. మా అమ్మ మెడ రంగు అది. పెళ్ళిచూపుల్లో 'చామనఛాయ' అని మర్యాదగా తగ్గించి చెప్పిన రంగుని, ఎవరో వేలెడు లేని అమెరికన్ దేవతకోసం మూడు వారాలు కష్టపడి కలిపితే గానీ నేను సరిగ్గా చూడలేదు.

ఇక ఈ పని నాకెలా అంటుకుందో చెప్పాలి. 2005లో పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళాను. ఎం.ఫిల్. చేసి, రెండేళ్ళు డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్పినదాన్ని. నా పాస్‌పోర్టులో అంటించిన వీసా హెచ్-4. అంటే హెచ్-1బి మీద పనిచేసే ఫలానా వారి డిపెండెంట్. అప్పట్లో ఆ వీసా మీద ఎవరూ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 2015 మే నుంచి కొందరికి అనుమతి వచ్చింది, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. అప్పటికి నేను తిరిగొచ్చేసి మూడేళ్ళయింది. మా అపార్టుమెంట్లలో ఎం.సి.ఏ.లు, డాక్టర్లు, లెక్చరర్లు, అందరం మధ్యాహ్నాలు ఒకళ్ళింట్లో ఒకళ్ళం కూర్చుని పచ్చళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ మధ్యాహ్నాల గురించి ఎవరైనా నవల రాయాలి. నేను రాయలేదు, రంగులు వేశాను.

స్ట్రిప్ మాల్‌లో సరుకుల దుకాణం పక్కనే కామిక్స్ దుకాణం. మా ఆయన బియ్యం బస్తా కారులో పెట్టేలోపు నేను బుట్టలో చెయ్యిపెట్టి నాలుగు బొమ్మలు ఏరుకునేదాన్ని. బిల్లు ఆయన కార్డు మీదే. ఏడాదిన్నరకి, ప్యాంటూ జేబులూ ఉన్న ఒక వండర్ వుమన్‌ని దుకాణం యజమానికి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, భూతద్దం తెచ్చుకుని చూసి, ఇలాంటివి పది వేసిస్తే ఒక్కోదానికి 40 డాలర్లు ఇస్తానన్నాడు. జీవితంలో అంత ఆనందం... నా మొదటి జీతం రోజున కూడా అంత లేదు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొహం పాలిపోయింది. "వద్దు, అది పని కిందికి వస్తుంది, వీసా పోతుంది." నిజమే. చట్టం ప్రకారం ఆయన చెప్పిందే నిజం. కానీ అదే మనిషి అంతకుముందు వారమే ఫోన్లో వాళ్ళమ్మగారితో "తనకి పనేముంది, బొమ్మలతో టైంపాస్" అన్నాడు. డబ్బు రానంతసేపూ టైంపాస్, 40 డాలర్లు వచ్చేసరికి పని! మర్నాడు వెళ్ళి డబ్బు తీసుకోకూడదని చెబితే, పాపం మంచి ఉద్దేశంతోనే యజమాని, "మీ ఆయన పేరుమీద చెక్కు రాయనా?" అన్నాడు. బొమ్మని ఊరికే ఇచ్చేసి వచ్చాను. అద్దాల అలమరాలో పెట్టి కింద ఒక చీటీ అంటించాడు. 'మా కస్టమరు గారి భార్య వేసినది.' కార్డు మీద పేరు మా ఆయనది కదా మరి.

పేర్లు పెట్టే అధికారం ఎవరి చేతుల్లో ఉందనేదే ఈ బొమ్మల చరిత్ర మొత్తం. 1959లో బార్బీ వచ్చింది, అది 'డాల్'. 1964లో హాస్‌బ్రో కంపెనీ మగపిల్లల కోసం జి.ఐ. జో అనే సైనికుణ్ణి తెచ్చింది. కీళ్ళు కదిలే, బట్టలు మార్చే బొమ్మే. కానీ డాల్ అంటే కొడుకులకి తండ్రులు కొనరని భయపడి 'యాక్షన్ ఫిగర్' అని కొత్త పేరు పుట్టించారు. ఈనాటికీ నాలాంటి పని చేసే మగవాళ్ళు 'నేను డాల్స్ కొంటాను' అని చచ్చినా అనరు. మన భాష నయం. మట్టిబొమ్మ, చెక్కబొమ్మ, గోడమీది బొమ్మ, ఆఖరికి సినిమా కూడా బొమ్మే. ఆడపిల్ల 'బొమ్మలా ఉంది' అన్నప్పుడు మాత్రం ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి.

ఈ పేరు అమెరికాలో కోర్టుకి కూడా ఎక్కింది. అక్కడి పాత దిగుమతి చట్టంలో మనిషి రూపమైతే డాల్, 12 శాతం సుంకం. మనిషి కాని ప్రాణి అయితే ఆటవస్తువు, 6.8 శాతం. టాయ్ బిజ్ అనే కంపెనీ, మార్వెల్ సొంత కుటుంబంలోదే, ఎక్స్‌మెన్ బొమ్మలు మనుషులవి కావని వాదించింది. 2003 జనవరిలో అంతర్జాతీయ వాణిజ్య కోర్టు న్యాయమూర్తి జూడిత్ బార్జిలే అవును, వీళ్ళు మనుషులు కారని తీర్పిచ్చారు. మేమూ మనుషులమే, మమ్మల్ని వెలివేయకండి అని దశాబ్దాలుగా ఆ కథల్లో మొత్తుకుంటున్న పాత్రల్ని, వాళ్ళని సృష్టించిన వాళ్ళే అయిదు శాతం సుంకం కోసం మనుషులు కారనిపించారు! నేను ఈ తీర్పు గురించి చదివింది నా 40 డాలర్లు పోయిన సంవత్సరమే. నాకు నవ్వు రాలేదు.

ఆడ బొమ్మల సంగతి మరీ ఘోరం. 2015లో వచ్చిన అవెంజర్స్ సినిమాలో బ్లాక్ విడో విమానంలోంచి మోటారుసైకిలు మీద రోడ్డుమీదికి దూకుతుంది. ఆ దృశ్యాన్ని బొమ్మగా అమ్మినప్పుడు బండిమీద కెప్టెన్ అమెరికా కూర్చున్నాడు. ఆమె చేసిన సాహసాన్ని ఆయన ఖాతాలో వేశారు. 'కస్టమరు గారి భార్య' కి ఇదేం కొత్త కాదు. ఐరన్ మ్యాన్ మూడో సినిమాలో అసలు ప్రతినాయకి ఒక స్త్రీ అని, బొమ్మ అమ్ముడుపోదని పైవాళ్ళు చెప్పడంతో మగవాడిగా మార్చాల్సి వచ్చిందని దర్శకుడు షేన్ బ్లాక్ 2016లో తనే చెప్పాడు. అంటే బొమ్మ కథని అనుసరించడం లేదు, బొమ్మల బేరం కథని నడిపిస్తోంది. సాహిత్య విమర్శకులం మనం, కథల్ని పట్టుకుని వేలాడతాం. కథలో ఎవరు బతకాలో నిర్ణయించే ప్లాస్టిక్ అచ్చు వైపు చూడం. మగవాడి కోపానికి కారణం కావడం కోసమే చచ్చిపోయే ఆడ పాత్రల జాబితాని 1999లో తయారుచేసి బయటపెట్టింది గెయిల్ సిమోన్. అప్పుడామె క్షౌరశాలలో జుట్టు కత్తిరించే మనిషి. తర్వాత వండర్ వుమన్ కథలే రాసింది. మన సినిమాల్లో చెల్లెళ్ళ జాబితా ఒకటి అలా ఎవరైనా వేస్తే బాగుండు.

అక్కకి ఇంకో అభ్యంతరం ఉంది, అది ఫోన్లో చెప్పింది. ఇదంతా అమెరికా వినియోగ సంస్కృతి, చైనాలో ఆడపిల్లలు ఆరోగ్యాలు పాడుచేసుకుని చేసిన ప్లాస్టిక్, దాన్ని ఒక స్త్రీవాది కొనొచ్చా అని. ఈ ప్రశ్న ముందు నేను తల దించుకుంటాను. 1993 మే 10న థాయ్‌లాండ్‌లోని కాదర్ బొమ్మల కర్మాగారం తగలబడి 188 మంది చచ్చిపోయారు, ఎక్కువమంది యువతులు. ఆ నవంబరులో షెన్‌జెన్‌లో జిలీ కర్మాగారంలో 87 మంది. తలుపులకి తాళాలు, కిటికీలకి ఊచలు. నా బొమ్మల మీద ఫ్యాక్టరీ రంగు ఉంది. అచ్చురేకులు పెట్టి రంగు చిమ్మి, చిన్న చిన్న చోట్ల కుంచెతో ఒక్కొక్కరూ ఒక్కో రంగే వేస్తారు, ఒకరు రోజంతా బూట్లే. దానిమీద నేను ప్రైమరు పూస్తున్నప్పుడు ఒక ఆడదాని పనిని ఇంకో ఆడది చెరిపేస్తోందన్న ఆలోచన రాకుండా పోదు. ఒక బొమ్మ వీపుమీద రంగు ఆరకముందే పడిన వేలిముద్ర ఉంది. చిన్న వేలు. దాన్ని ముట్టుకోలేదు నేను.

కానీ అక్కా, ఆ సభలో నువ్వు కట్టుకొచ్చిన పట్టుచీర ఎవరి చేతులమీదుగా వచ్చిందో నిన్ను ఎవరూ అడగలేదు. అడిగితే అమర్యాద. మా కోస్తా వైపు సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం, న్యూజెర్సీలోనూ పెట్టాను. అందులోని ప్లాస్టిక్ కృష్ణుడు కూడా చైనా నుంచే వచ్చాడు. పేరంటానికి వచ్చినవాళ్ళు ఆయన్ని మెచ్చుకున్నారు. అడుగు మెట్టు మీద నేను పెట్టిన స్టార్మ్‌ని చూసి ఒకావిడ, "ఇదేంటమ్మా, దిష్టిబొమ్మా?" అంది. శ్రమ దోపిడీ గురించి అడగాల్సిందే. ఆడదాని సరదా కనపడ్డప్పుడు మాత్రమే గుర్తొచ్చే ప్రశ్నగా అడగొద్దు. నేను కొత్త డబ్బా కొనను, చేయి విరిగినవీ, బుట్టలో మిగిలినవీ కొంటాను. అంతమాత్రాన చేతులు కడుక్కున్నట్టు కాదని నాకు తెలుసు.

సూపర్ హీరోలకీ మనకీ ఏం సంబంధమంటారా? 1941లో వండర్ వుమన్‌ని సృష్టించిన మార్‌స్టన్ ఇంట్లో ఆయన భార్యతో పాటు కలిసి బతికిన ఆలివ్ బర్న్, కుటుంబ నియంత్రణ ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్ చెల్లెలి కూతురు. ఆలివ్ చేతికున్న కడియాలే వండర్ వుమన్ చేతికొచ్చాయి. 1972 జులైలో 'మిస్.' పత్రిక ముఖచిత్రంగా వేసుకున్నది ఆమెనే. 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ఆమెని స్త్రీల సాధికారతకి గౌరవ రాయబారిని చేస్తే, ఈ బట్టల్లో, ఈ కొలతల్లో ఉన్న కల్పిత పాత్రా మాకు ప్రతినిధి అని అక్కడి ఉద్యోగినులే వీపు తిప్పి నిలబడ్డారు. డిసెంబరుకల్లా ఆ హోదా పోయింది. వాళ్ళ కోపం న్యాయమైనదే. పెద్ద పదవులకి నిజమైన స్త్రీలని తీసుకోకుండా బొమ్మని నిలబెడితే కోపం రాదా? కానీ అలమరాలోంచి ఆమెని తీసి పారేయడం ఒక్కటే దారి అని నేననుకోను. మనం పురాణాల్ని పారేశామా? సీతనీ శూర్పణఖనీ మళ్ళీ రాశాం, ఇంకా రాస్తున్నాం. దాన్ని తిరగరాయడం అంటాం, దానిమీద సదస్సులు పెడతాం, పిహెచ్.డి.లు ఇస్తాం. అదే పని నేను పుట్టీతో, మూడు సున్నాల కుంచెతో చేస్తే టైంపాస్ ఎందుకవుతుంది? అక్షరం కాదు గనకా? చేతిపని గనకా? చేతిపనిని తక్కువ చూసే అలవాటు మనకి ఎక్కణ్ణించి వచ్చిందో విడిగా చెప్పాలా?

అయినా ఇంత పెద్ద కారణాలు చూపించుకోవాల్సి రావడమే నాకు నచ్చడం లేదు. కొన్ని రాత్రులు నేను ఏ పితృస్వామ్యాన్నీ తిరగరాయను. ఊరికే హల్క్‌కి ఆకుపచ్చ వేస్తాను. అత్తగారి మందులయ్యాయి, పేపర్లు దిద్దడం అయింది, కుక్కర్ కడిగాను. ఆకుపచ్చమీద ఇంకాస్త లేత ఆకుపచ్చ వేస్తుంటే బుర్రలో ఒక్క మాట కూడా ఉండదు. ఆ గంటకి లెక్క చెప్పను. వ్యాసంగా మారకపోయినా, ఎవరికీ ఉపయోగపడకపోయినా, నా ఎదుగుదలకి తోడ్పడకపోయినా ఆ గంట నాది. మగవాళ్ళు అడక్కుండానే తీసుకున్న గంట అది, నాణేల ఆల్బమ్‌లో ఉంది చూడు.

ఈ ఆదివారం వస్తానన్నావు కదా అక్కా, రా. వాసనేమీ ఉండదు, ఇవి నీళ్ళతో కలిపే రంగులు. బల్లమీద బ్లాక్ విడో ఉంటుంది, ప్యాంటు ఒక కాలికే అయింది, పుట్టీ ఆరాలి, చెయ్యి తగలనివ్వకు. మోటారుసైకిలు ఇంకా దొరకలేదు. మీ మనవడి పాత బొమ్మల్లో విరిగిన బండి ఏదైనా ఉంటే పట్టుకురా. రెండంగుళాలు మించకూడదు.